కాస్ట్యూమ్ అవార్డు ఎవరికి? పదేళ్ల లెక్కలు, ఒక వాడపల్లి కథ

2019 ఆగస్టు 9న 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు. ఆ ఏడాది బరిలో ‘పద్మావత్’ ఉంది. రాజపుత్ర రాణివాసపు లెహంగాలు, నిండా జరీ, ఖిల్జీ ఒంటిమీద బొచ్చు అంగీలు. బట్టల గురించి మాట్లాడుకున్న సినిమా ఆ ఏడాది ఏదైనా ఉందంటే అదే. దానికి మూడు అవార్డులు వచ్చాయి: సంగీతానికి, గాయకుడికి, నృత్యానికి. ఉత్తమ కాస్ట్యూమ్ డిజైన్ మాత్రం ‘మహానటి’కి వెళ్లింది. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురూ ఆ రజత కమలాన్ని పంచుకున్నారు.

తెలుగువాళ్లం సంతోషించాం. ఇది ముందే ఊహించదగినదేనా అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. ఆస్కార్ కాస్ట్యూమ్ విభాగంలో ఎవరు గెలుస్తారో లెక్కలు కట్టి చెప్పేవాళ్లు ఏటా బోలెడంతమంది ఉంటారు. మన జాతీయ పురస్కారం మీద ఆ కసరత్తు దాదాపు కనపడదు. చేసి చూస్తే కొన్ని సంగతులు స్పష్టంగా తేలుతున్నాయి. జ్యూరీ ఎలాంటి బట్టను గౌరవిస్తోందో తెలుస్తోంది. ఎంతవరకు జోస్యం చెప్పవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో కూడా తెలుస్తోంది.

పది సినిమాలు

62వ పురస్కారాల నుంచి 71వ పురస్కారాల దాకా, అంటే 2014 సినిమాల నుంచి 2023 సినిమాల వరకు, విజేతలు వరసగా వీరు. ‘హైదర్’కు డాలీ అహ్లువాలియా. ‘నానక్ షా ఫకీర్’కు పాయల్ సలూజా. మరాఠీ ‘సైకిల్’కు సచిన్ లోవలేకర్. బెంగాలీ ‘నగర్‌కీర్తన్’కు గోవింద మండల్. తర్వాత ‘మహానటి’. మలయాళ ‘మరక్కార్’కు సుజిత్ సుధాకరన్, వి. సాయి. ‘తానాజీ’కి నచికేత్ బర్వే, మహేశ్ శేర్లా. ‘సర్దార్ ఉధమ్’కు వీరా కపూర్. గుజరాతీ ‘కచ్ ఎక్స్‌ప్రెస్’కు నికీ జోషి. చివరగా ‘శామ్ బహదూర్’కు మళ్లీ సచిన్ లోవలేకర్, ఆయనతోపాటు దివ్యా గంభీర్, నిధి గంభీర్.

ఈ పదింటిని కాలాన్నిబట్టి విడదీస్తే ఏడు గడిచిన కాలం కథలు. గురునానక్ 15వ శతాబ్దం నుంచి కుంజాలి మరక్కార్ 16వ శతాబ్దం, తానాజీ 17వ శతాబ్దం మీదుగా సావిత్రి, శామ్ మానెక్‌షా బతికిన 20వ శతాబ్దం దాకా ఉన్నాయి. ‘హైదర్’ 1995 నాటి కశ్మీర్, అంటే కొంచెం వెనకటి రోజులు. పూర్తిగా మన కాలంలో జరిగే కథలు రెండే: ‘నగర్‌కీర్తన్’, ‘కచ్ ఎక్స్‌ప్రెస్’.

పాతకాలం సినిమాకు కాస్ట్యూమ్ అవార్డు వస్తుందని ఎవరైనా చెబుతారు. అసలు సూచన ఇంకోటి ఉంది. ఆ పదింటిలో ఆరు సినిమాలు నిజంగా బతికిన ఒక మనిషి గురించి: నానక్, సావిత్రి, మరక్కార్, తానాజీ, ఉధమ్ సింగ్, మానెక్‌షా. కాలం కంటే ఈ లక్షణం నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. కల్పిత రాజ్యాలకు, అద్భుత లోకాలకు ఈ పదేళ్లలో దక్కింది సున్నా.

భాషను చూస్తే హిందీకి నాలుగు, మిగతా ఆరూ ఆరు భాషలకు తలా ఒకటి. పంజాబీ, మరాఠీ, బెంగాలీ, తెలుగు, మలయాళం, గుజరాతీ. తమిళానికి, కన్నడానికి ఈ పదేళ్లలో రాలేదు. కనుక ‘ఈసారి ఫలానా భాష వంతు’ అనే మాటకు లెక్కల్లో ఆధారమేమీ లేదు. చిన్న పరిశ్రమ అని జ్యూరీ చిన్నచూపు చూడలేదన్నంత వరకే దీన్నుంచి చెప్పగలం.

హంగు ఎందుకు ఓడింది

ఓడినవాళ్ల జాబితా ఇంకా ఎక్కువ నేర్పుతుంది. ‘బాజీరావ్ మస్తానీ’కి ఏడు జాతీయ అవార్డులు వచ్చాయి. ‘ఆర్‌ఆర్‌ఆర్’కు ఆరు. ‘గంగూబాయి కాఠియావాడి’కి ఐదు. ‘పొన్నియిన్ సెల్వన్-1’కు నాలుగు. ‘పద్మావత్’కు మూడు. ‘బాహుబలి’ మొదటి భాగానికి ఉత్తమ చిత్రంతో కలిపి రెండు, రెండో భాగానికి మూడు. ఏడు సినిమాలు, మొత్తం 30 అవార్డులు. అందులో కాస్ట్యూమ్ డిజైన్‌కు ఒక్కటీ లేదు.

ఇవన్నీ బట్టల కోసం కన్నార్పకుండా చూసిన సినిమాలే. సంక్రాంతి బరుల దగ్గర డేగ, కాకి, నెమలి అంటూ పుంజు ఈక రంగు చూసి పందెం కాసినట్టు, తెరమీద మెరుపు చూసి ఈ అవార్డు మీద పందెం కాస్తే డబ్బు పోతుందని ఆ సున్నా చెబుతోంది.

రమా రాజమౌళి, ప్రశాంతి తిపిర్నేని కలిసి ‘బాహుబలి’కి చేసిన పని తక్కువదని నేను అనను. మాహిష్మతి అనే లేని రాజ్యానికి నేత, నగ, కవచం అన్నీ మొదటినుంచీ పుట్టించారు. రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారం ఆ పనిని గుర్తించింది కూడా. కాకపోతే ఢిల్లీ జ్యూరీకి అలాంటి పనిని కొలిచే కొలబద్ద లేదు. లేని రాజ్యపు రాణి కట్టిన చీర సరైనదో కాదో తేల్చడానికి ఎదురుగా పెట్టి పోల్చేదేముంది? సావిత్రి చీర విషయంలో అలా కాదు. ఫొటోలున్నాయి, సినిమాలున్నాయి, చూసినవాళ్ల జ్ఞాపకాలున్నాయి. తప్పు చేస్తే పట్టుబడతారు, ఒప్పు చేస్తే రుజువవుతుంది. రుజువు చూపగలిగిన బట్టకే ఈ అవార్డు మొగ్గుతోంది. ఈ లెక్కలన్నీ తిరగేశాక నాకు మిగిలిన ఒకే ఒక్క మాట ఇది.

‘మహానటి’ బృందం ముందు ఎలాంటి చిక్కు ఉందో ఒకసారి దగ్గరగా చూడండి. సావిత్రి తొలినాళ్ల సినిమాలు నలుపు తెలుపు. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ కట్టింది ఏ రంగో తెర చెప్పదు, బూడిద ఛాయ మాత్రమే చెబుతుంది. ఎరుపూ, ముదురాకుపచ్చా ఆ ఫిల్మ్‌లో ఇంచుమించు ఒకేలా కనపడవచ్చు. పైగా 2010లో ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. దాంతో ప్రేక్షకుడి మనసులో అప్పటికే ఏవో రంగులు ఉన్నాయి. ఆ సన్నివేశం చిత్రీకరణను రంగుల సినిమాలో మళ్లీ చూపాలంటే డిజైనర్ ఆ ఛాయకు సరిపోయే రంగును ఎంచుకోవాలి. ఆ కాలంలో మద్రాసులో దొరికిన నేత అయి ఉండాలి. అంచు వెడల్పు ఫొటోతో సరిపోవాలి. రవిక చేతుల పొడవు, వీపు కోత పదేళ్లకోసారి మారుతూ పోవాలి. జాందానీ నేతకు పేరున్న గౌరంగ్ షాను ఇందులోకి తీసుకున్నది అందుకే. బజారులో కొన్న చీర పైకి అలాగే కనపడవచ్చు గాని, మగ్గం మీద దింపిన చీర ఒంటిమీద జారే తీరు వేరు. కీర్తి సురేశ్ నడకలో ఆ తేడా కనపడుతుంది. ఆ సినిమాకే ఆమెకు ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది.

పక్క విభాగాలు చెప్పేదేమిటి

ఆస్కార్ జోస్యులు ఎప్పుడూ పక్క విభాగాలను చూస్తారు. మేకప్ ఎవరికి, సెట్లు ఎవరికి అని. మన పదేళ్లకూ ఆ పరీక్ష పెట్టవచ్చు.

కాస్ట్యూమ్ గెలిచిన సినిమాకే మేకప్ కూడా దక్కింది మూడుసార్లు: ‘నానక్ షా ఫకీర్’, ‘నగర్‌కీర్తన్’, ‘శామ్ బహదూర్’. ప్రొడక్షన్ డిజైన్ కూడా దక్కింది ఒక్కసారే, ‘సర్దార్ ఉధమ్’కు. ఉత్తమ చిత్రమూ అదే అయింది ఒక్కసారి, ‘మరక్కార్’కు. ఉత్తమ నటుడో నటో అదే సినిమా నుంచి వచ్చింది నాలుగుసార్లు: ‘నగర్‌కీర్తన్’, ‘మహానటి’, ‘తానాజీ’, ‘కచ్ ఎక్స్‌ప్రెస్’.

సెట్లకు పదిలో ఒకటి, నటనకు పదిలో నాలుగు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఆలోచించాను. ఆస్కార్‌లో 2015 నుంచి 2024 దాకా వచ్చిన సినిమాల్లో కాస్ట్యూమ్, ప్రొడక్షన్ డిజైన్ రెండూ ఒకే సినిమాకు నాలుగుసార్లు వచ్చాయి: ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’, ‘బ్లాక్ పాంథర్’, ‘పూర్ థింగ్స్’, ‘వికెడ్’. అక్కడ బట్టను సెట్టుతో కలిపి ఒక లోకంలో భాగంగా చూస్తున్నారు. ఇక్కడ బట్టను మనిషితో కలిపి, పాత్రలో భాగంగా చూస్తున్నారు. పది సంఖ్యల మీద ఇంత పెద్ద మాట మోపకూడదని తెలుసు. అయినా నాకు కనిపించిన తేడా ఇదే, ఇది మన జ్యూరీకి గౌరవం తెచ్చే తేడా అని కూడా అనుకుంటాను.

9 వేల ఓట్లు, 11 ఓట్లు

ఆస్కార్‌ను అంత ధైర్యంగా ఎలా ఊహిస్తారు? ముందుగా, అక్కడ ఐదు పేర్లు బయటకు వస్తాయి. ఆ ఐదింటినీ అకాడమీలోని కాస్ట్యూమ్ డిజైనర్ల శాఖ ఎంపిక చేస్తుంది. ఆ తర్వాత సభ్యులందరూ ఓటు వేస్తారు, 9 వేలకు పైగా. దానికి ముందే బ్రిటిష్ అకాడమీ బాఫ్టా ఇస్తుంది, డిజైనర్ల గిల్డ్ తన అవార్డులు ఇస్తుంది. ఆ పదేళ్లలో బాఫ్టా కాస్ట్యూమ్ విజేతే ఆస్కార్ విజేత అయింది ఏడుసార్లు. తప్పిన మూడూ ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’, ‘బ్లాక్ పాంథర్’, దాని రెండో భాగం. అంటే బాఫ్టా చూసి కళ్లు మూసుకుని చెప్పినా నూటికి 70 మార్కులు.

మన దగ్గర ఇవేవీ లేవు. నామినేషన్లు ప్రకటించరు. ముందస్తు సూచికగా పనికొచ్చే అవార్డూ లేదు. ఆ ఏడాది సెన్సారయిన సినిమాలను నిర్మాతలు పంపుతారు, ప్రాంతీయ జ్యూరీలు వడపోస్తాయి, చివరికి ఛైర్మన్‌తో కలిపి 11 మంది కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. ఛైర్మన్ కూడా దాదాపు ఏటా మారతారు. ఈ పదేళ్లలో భారతీరాజా, రమేశ్ సిప్పీ, ప్రియదర్శన్, శేఖర్ కపూర్, రాహుల్ రవైల్ రెండుసార్లు, ఎన్. చంద్ర, విపుల్ షా, కేతన్ మెహతా, అశుతోష్ గోవారికర్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ‘లగాన్’ తీసిన మనిషికీ, ‘తేజాబ్’ తీసిన మనిషికీ బట్ట మీద ఒకే చూపు ఉండాలని లేదు.

11 అనే అంకె ఎంత చిన్నదో ఒక లెక్కతో తెలుస్తుంది. రెండు సినిమాలు మిగిలాయనుకుందాం. సినిమా తెలిసినవాళ్లలో నూటికి 60 మంది మొదటిదాన్నే మెచ్చుతారనుకుందాం. అలాంటివాళ్లలోంచి ఎవరో 11 మందిని తీసి ఓటు పెడితే మొదటి సినిమా గెలిచే అవకాశం 75 శాతమే. నాలుగింట ఒకసారి తక్కువమంది మెచ్చిన సినిమా గెలుస్తుంది. అదే 101 మందితో ఓటు పెడితే మొదటిదానికి 98 శాతం. 9 వేల మంది అయితే ఇక అనుమానమే అక్కర్లేదు. కనుక జాతీయ పురస్కారంలో ఊహించని పేరు వినపడినప్పుడల్లా వెనకాల ఏదో జరిగిందని అనుమానించనక్కర్లేదు. చిన్న గుంపు తీర్పులో ఊగిసలాట సహజం, ఆ 11 మందీ ఎంత నిజాయితీగా ఉన్నా సరే.

బాహుబలి లాంటి పనికి అసలైన ఇల్లు ఎక్కడుందో కూడా ఆస్కార్ లెక్కలే చెబుతాయి. అదే పదేళ్ల విజేతల్లో ఆరు సినిమాలు కల్పిత లోకాలవి. పైన చెప్పిన నాలుగు, వాటికి తోడు ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్’, ‘వకాండా ఫరెవర్’. నిజంగా బతికిన మనిషి చుట్టూ అల్లింది ఒక్కటే, ‘మా రైనీస్ బ్లాక్ బాటమ్’. మనకు ఆరు ఉన్నచోట వాళ్లకు ఒకటి, మనకు సున్నా ఉన్నచోట వాళ్లకు ఆరు. ఇంత ఎదురెదురుగా నిలిచే అంకెలు అరుదుగా దొరుకుతాయి.

‘ఆర్‌ఆర్‌ఆర్’కు అక్కడ ఆ తలుపు తెరుచుకోలేదు. 2023లో పాటకు ఆస్కార్ వచ్చింది గాని, కాస్ట్యూమ్ విభాగంలో నామినేషన్ పొందిన ఐదూ ‘బాబిలాన్’, ‘వకాండా ఫరెవర్’, ‘ఎల్విస్’, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’, ‘మిసెస్ హారిస్ గోస్ టు పారిస్’. ఇక్కడేమో చరిత్రలోని ఇద్దరు వీరుల పేర్లు పెట్టి కల్పన అల్లిన సినిమా అయినందున, ఉధమ్ సింగ్ కోటు ముందు దాని బట్టలు నిలవలేదు.

భారతీయులకు తొలి ఆస్కార్ తెచ్చిన విభాగం మాత్రం ఇదే. 1983 ఏప్రిల్‌లో ‘గాంధీ’కి భాను అథయ్యా, జాన్ మొలోతో కలిసి అందుకున్నారు. కొల్హాపూర్‌లో పుట్టిన ఆమె 2012లో ఆ ప్రతిమను భద్రంగా ఉంచమని అకాడమీకే తిరిగి అప్పగించారు. ఖద్దరు నేత తేడాలు తెలిసిన మనిషికి ఖద్దరు సినిమాకే అవార్డు రావడం చూస్తే, అప్పటి ఆస్కార్ ఓటర్ల చూపు ఇప్పటి మన జ్యూరీ చూపులాగే ఉండేదనిపిస్తుంది.

గుంపుకు 70, ఒక్కొక్కరికి 2

జోస్యం చెప్పేవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు ఇది. ‘పాతకాలం సినిమాకు నూటికి 70 పాళ్లు అవకాశం’ అంటే ‘ఫలానా పాతకాలం సినిమాకు 70 పాళ్లు’ అని కాదు.

70వ పురస్కారాలకు 32 భాషల నుంచి 309 కథాచిత్రాలు వచ్చాయి. ఏ ఆధారమూ లేకుండా చెబితే ఒక్కో సినిమాకు దక్కే అవకాశం 309లో ఒకటి, అంటే 0.3 శాతం. లెక్క కోసం వాటిలో పదోవంతు, 31 సినిమాలు, పాతకాలపు కథలనుకుందాం. 70 శాతాన్ని 31కి పంచితే ఒక్కోదానికి 2.3 శాతం. మిగిలిన 278 సినిమాలకు 30 శాతం పంచితే ఒక్కోదానికి 0.1 శాతం. పాతకాలం కథ అయితే అవకాశం 20 రెట్లు పెరిగింది, నిజమే. పెరిగి కూడా నూటికి రెండు దగ్గరే ఆగింది.

ఆధారంగా పెట్టుకున్నవి పది సంవత్సరాలేనన్నది ఇంకో చిక్కు. పదిలో ఆరు జీవిత కథలన్న అంకెను సంఖ్యాశాస్త్రం ముందు పెడితే, అసలు మొగ్గు 26 శాతం నుంచి 88 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు అంటుంది. 26కీ 88కీ మధ్య ఒక పెద్ద నది పారుతుంది. అందుకే ఏ పత్రికైనా ‘ఈసారి కాస్ట్యూమ్ అవార్డు ఈ సినిమాకు ఖాయం’ అని రాస్తే నమ్మవద్దని పాఠకులకు మనవి. నాకు తెలిసిన ఏ పద్ధతిలోనూ అంతటి ధీమా పుట్టదు.

అదే 70వ పురస్కారాలను తీసుకోండి. చోళుల కాలం, మణిరత్నం సినిమా, నాలుగు అవార్డులు. నా గీటురాయి మీద ‘పొన్నియిన్ సెల్వన్-1’ ముందుండాలి. గెలిచింది ‘కచ్ ఎక్స్‌ప్రెస్’. ఈ కాలపు కథ, గుజరాతీ సినిమా. గీటురాయి పూర్తిగా తప్పింది.

ఆ తప్పునుంచే ఒక సంగతి బయటపడుతుంది. ఈ కాలపు కథలతో గెలిచిన రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘నగర్‌కీర్తన్’లో పుటి అనే ట్రాన్స్ మహిళకు చీర కట్టుకోవడమే తానెవరో చెప్పుకోవడం. ‘కచ్ ఎక్స్‌ప్రెస్’ జరిగేది కచ్‌లో, కుట్టుపని, అద్దాలపని, రంగులు ఆడవాళ్ల చేతుల్లో బతికే నేల మీద. రెండింటిలోనూ బట్ట కథలో ఒక భాగం. దాన్ని తీసేస్తే కథే నిలబడదు. మన కాలం సినిమాకు ఈ అవార్డు రావాలంటే దారి అదొక్కటే కనపడుతోంది. పల్లెటూరి సినిమాలో లుంగీ, పావడా ఎంత సహజంగా ఉన్నా జ్యూరీ దాన్ని ఒక ఎంపికగా గుర్తించడం లేదు. అది బాధాకరం. సహజంగా కనిపించేలా బట్ట వేయడానికి, దాన్ని టీ డికాక్షన్‌లో ముంచి, గరుకు కాగితంతో రుద్ది, మోకాళ్ల దగ్గర నలిపి పాతబరచడానికి పట్టే శ్రమ జరీ కుట్టడానికి పట్టేదానికంటే తక్కువేం కాదు.

2024 సినిమాల మీద గీటు

2024లో వచ్చిన సినిమాలను ఈ గీటురాయి మీద పెడితే నా వరస ఇలా ఉంటుంది. ముందు ‘మైదాన్’. 1950, 60ల ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవిత కథ, హైదరాబాద్ మనిషి, ఫొటోలున్న కాలం. ఆ తర్వాత 19వ శతాబ్దపు కోలారు గనుల చుట్టూ తిరిగే తమిళ ‘తంగలాన్’. మన ‘లక్కీ భాస్కర్’ మూడోది. 1989 ప్రాంతపు బొంబాయి బ్యాంకు ఉద్యోగి చొక్కా, పెద్ద కాలరు, డబ్బు పెరుగుతున్నకొద్దీ సూటులోకి మారే తీరు చక్కగా కుదిరాయి. కానీ మనిషి కల్పితం. ‘కల్కి 2898 ఏడీ’ని ఇంకా వెనక పెడతాను. తెలంగాణ గద్దర్ పురస్కారాల్లో అర్చనా రావు, అజయ్ కుమార్‌లకు ఆ సినిమాకే కాస్ట్యూమ్ అవార్డు వచ్చింది. అయినా కల్పిత లోకాల విషయంలో ఢిల్లీ రికార్డు ఎలాంటిదో చూశాం కదా.

అంకెలు వేయమంటే ‘మైదాన్’కు 10 శాతం, ‘తంగలాన్’కు 7, ‘లక్కీ భాస్కర్’కు 4, ‘కల్కి’కి 2. అన్నీ కలిపినా 23. మిగతా 77 శాతం నేను పేరు చెప్పని సినిమాలది. ‘సైకిల్’, ‘కచ్ ఎక్స్‌ప్రెస్’ లాంటివి ఆ 77లోంచే వస్తాయి.

వాడపల్లి, 1931

ఈ విభాగం 32వ పురస్కారాలతో మొదలైంది. 71 దాకా 40 విడతలు. తెలుగు సినిమాకు దక్కింది రెండుసార్లు, 5 శాతం. ‘మహానటి’కి ముందు 1988 నాటి ‘దాసి’. బి. నర్సింగరావు తీసిన ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కాస్ట్యూమ్స్‌కు సుదర్శన్, కళకు చిత్రకారుడు తోట వైకుంఠం, నటనకు అర్చన. నిజాం కాలపు గడీలో దాసి ఒంటిమీది ముతక చీరకు వచ్చిన అవార్డు అది. మెరుపుకు కాక రుజువుకు జ్యూరీ మొగ్గడం కొత్త సంగతేమీ కాదన్నమాట.

మూడోది ఎక్కడినుంచి రావచ్చని ఆలోచిస్తే నాకు వాడపల్లి కనపడుతుంది. ఆత్రేయపురం మండలంలో, గౌతమి ఒడ్డున, ఏడు శనివారాల వెంకన్నగా ఇప్పుడు రెండు రాష్ట్రాల జనానికీ తెలిసిన ఊరు. ఇక్కడే 1931 మార్చిలో స్వామి రథోత్సవంనాడు రథం మీద గాంధీజీ పటం, కాంగ్రెస్ జెండా పెట్టారు. పోలీసులు అడ్డుకున్నారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో కోనసీమకు దక్కిన రక్తపు పేజీ అది. ఇంతటి కథను పెద్ద తెర మీదికి తీసుకురావలసిన బాధ్యత మన సినిమాకు ఉంది.

ఆ సినిమాకు బట్టలు చేయవలసిన మనిషి పని ఎలా ఉంటుందో చూడండి. చైత్రమాసం, ఎండ మొదలైన రోజులు. తీర్థానికి వచ్చిన జనంలో రైతు పంచె వేరు, కూలి గోచీ వేరు, అర్చకుడి మడి వేరు. మధ్యలో ఖద్దరు కట్టిన కార్యకర్తలు. చేత్తో వడికిన నూలు ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఎండలో నిలబెట్టి తీసే షాట్‌లో ఆ హెచ్చుతగ్గులు నీడల్లా కనపడతాయి. ఈనాటి దుకాణంలో దొరికే నున్నటి ఖాదీ వేస్తే దగ్గరి షాట్‌లో దొరికిపోతుంది. ఎదురుగా మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసుల యూనిఫాం, కాళ్లకు పట్టీలు. ఇక జెండా. అది ఆర్ట్ విభాగం పనే అయినా బట్టే కదా. పైన కాషాయం, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ పెడితే తప్పు. ఆ వరసను కాంగ్రెస్ ఆమోదించింది 1931 ఆగస్టులో. మార్చిలో రథం మీద ఎగరవలసింది పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, నడుమ పూర్తి చరఖా ఉన్న జెండా. ఈ ఐదు నెలల తేడాను పట్టుకునే డిజైనర్‌కే ఈ అవార్డు దక్కాలి.

ఆ బట్ట నేయించడానికి దూరం వెళ్లనక్కర్లేదు. అమలాపురం పక్కన బండారులంకలో చేమగ్గాలున్నాయి, కాకినాడ దాటితే ఉప్పాడ ఉంది. నూలు ఎంత లావుండాలో, గంజి ఎంత పట్టించాలో చేతికి తెలిసిన నేతగాళ్లున్నారు. వాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేయాలి.

నా గీటురాయి ప్రకారం ఆ సినిమాకు రెండు లక్షణాలు కచ్చితంగా ఉంటాయి: గడిచిన కాలం, నిజంగా జరిగిన సంఘటన. కథనం ఖద్దరు చుట్టూ అల్లితే మూడోది కూడా, అంటే బట్టే కథ కావడం. అలాంటి సినిమాకు, ఇంకా ఎవరూ తీయకముందే, నేను పెట్టే అవకాశం నూటికి 3. సగటు సినిమాకు ఉన్నదానికి తొమ్మిదింతలకు పైనే.